మద్దిలేటికి గిట్టని గంట

ఆశ్వయుజ బహుళ విదియ

దోసెల పిండి మళ్ళీ పొంగింది. మూత ఎగిరి కింద పడి, గిన్నె అంచుల మీదుగా నాపరాయి అరుగంతా కారి పుల్లటి కంపు కొడుతోంది. సగం గిన్నెకు మించి పొయ్యలేదు నేను. పొయ్యనే లేదు! అయినా మా ఆయన మద్దిలేటి గాలిబావి దగ్గర్నుంచి నా తర్వాత వస్తూనే మొదలుపెట్టాడు.

"ఇన్నేండ్లాయె, పిండి కలిపేది రాకపాయె నీకు."

"నోరు మూసుకోని గుడ్డ అందుకో" అన్నాను. నా తల అప్పటికే పగిలిపోతోంది. ఈమధ్య లేవగానే ఇదే తలనొప్పి. నాకొక్కదానికే కాదు, బడిలో నా దగ్గర చదివే పిల్లలంతా కణతలు పట్టుకుని కూర్చుంటున్నారు. ఎక్కాలు చెప్పమంటే ఏడుపు మొహాలు పెడుతున్నారు. తలనొప్పితో నాకూ ఏదీ గుర్తుండటం లేదు. అందుకే ఈ రాతలు మొదలుపెట్టాను.

ఈ నెల గాలివంతు మా వీధిది. తెల్లారి ఎండ ముదరకముందే గాలిబావి మీది ఇనప తలుపు మూయాలి. మూశాక జోల మొదలవుతుంది, నేల కింద ఊరు ఊరంతా పడుకుంటుంది. మళ్ళీ పొద్దు గుంకే వేళకు జోల యంత్రం మెలకువ పంపగానే పరుగెత్తి ఆ తలుపు తెరవాలి. లోపలి గాలి అంతవరకే సరిపోతుంది. చక్రం తిప్పడానికి ఇద్దరు కావాలి. వీధిలో మిగతావాళ్ళకు మోకాళ్ళ నొప్పులూ, చంటిబిడ్డలూ ఉన్నాయట. అందువల్ల నేనూ, రాతిదుమ్ము తిని ఊపిరితిత్తులు పాడు చేసుకున్న నా మొగుడూ ఆ పనికి దొరికాం. ఇవాళ చక్రం తిప్పాక అతను బావి మెట్ల మీద కూలబడి చాలాసేపు లేవలేదు. ఏమైందంటే ఏం లేదంటాడు. మొండి ఘటం.

ఆశ్వయుజ బహుళ సప్తమి

ఉప్పులారీ వచ్చింది. డ్రైవరు దస్తగిరి మండిపడుతూ దిగాడు.

"ఏం నిద్దరమ్మా అది? తలుపు కొట్టీ కొట్టీ నా చేతులు వాసిపాయె. పొద్దు గుంకిన కాన్నుంచి ఈడనే ఉండా నేను."

"పొద్దు గుంకాకే కదప్పా తెరిచేది" అన్నాడు మద్దిలేటి.

"పొద్దు గుంకి ఎంత సేపాయెనో తెలుసునా నీకు? చుక్కలు నెత్తి మీదికొచ్చె!"

మావాళ్ళంతా నవ్వారు. చలికాలం వస్తోంది, పొద్దు కురచ, చీకటి తొందరగా పడుతుంది, అంతే అన్నారు. నేనూ నవ్వాను. కానీ దస్తగిరి నవ్వలేదు. అతని లారీలో నిద్ర మామూలు నిద్ర. జోలతో వచ్చేది కాదు.

ఇంటికొచ్చి నా గడియారాల వైపు చూశాను. ఐదు అలారం గడియారాలున్నాయి నా దగ్గర. ఒక్కోటి ఒక్కో లారీవాడి దగ్గర ఉల్లిగడ్డలిచ్చి, పుట్టగొడుగులిచ్చి తీసుకున్నవి. అన్నీ కీ ఇచ్చేవే. నిద్ర లేచిన ప్రతిసారీ వీధి బోర్డు మీద వేళ చూసి వాటిని సరిచేస్తాను, ఎందుకంటే లేచేసరికి అవి ముందుకు పోయి ఉంటాయి. పాత సరుకు, తొందరగా నడుస్తోందిలే అనుకునేదాన్ని.

ఇవాళ మొదటిసారి వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. ఐదూ ఒకే అంత ముందుకు పోయాయి. ఐదు దేశాల్లో పుట్టిన ఐదు గడియారాలు ఐదు రకాల అబద్ధాలు చెప్పాలి గానీ, అన్నీ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్తాయా?

వీధి బోర్డును నడిపేది జోల యంత్రం. మమ్మల్ని లేపేదీ అదే. అది ఆలస్యంగా లేపుతోంది, లేపి ఇంకా వేళ కాలేదని బోర్డు మీద చూపిస్తోంది. ఊరంతా ఒకేసారి ఆలస్యంగా లేస్తే ఆలస్యమని ఎవరికి తెలుస్తుంది? పిండికి తెలుస్తుంది. తలకు తెలుస్తుంది. మద్దిలేటి గోళ్ళకు కూడా తెలుస్తోందేమో, ఇవాళ పట్టుకుని చూస్తే నీలంగా ఉన్నాయి.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

పంచాయితీకి వెళ్ళాను. ఓబుళమ్మ మా ఊరి పెద్ద. మంచి మనిషే, కాకపోతే జోల యంత్రం పేరెత్తితే చెంపలేసుకుంటుంది. దాన్ని పెట్టిన కంపెనీ మా అవ్వ కాలంలోనే మూతపడింది. ఆ గది తాళం ఓబుళమ్మ మెడలో ఉంది. లోపలికి మాత్రం ఎవరూ అడుగు పెట్టలేదు.

"తెరిచి చూద్దాం" అన్నాను.

"తెరిచి?" అంది. "చెయ్యి పెడితే పూర్తిగా నిలిచిపోతే? నీకొచ్చునా సుంకులమ్మా నిద్దరపొయ్యేది? నాకైతే రాదు. ఈ ఊర్లో పుట్టినోళ్ళు ఎవరికొచ్చు?"

తనే మళ్ళీ అంది.

"అవతలి ఊరికి కబురు పెడతా. యంత్రం తెలిసినోడు ఎవడన్నా ఉంటే వేసవిలోపల వస్తాడు."

"వేసవిదాకా గాలి చాలొద్దూ?"

"ఐతే ఏం చేద్దామంటావు? మేలుకోని కూచుంటావా?"

కూర్చోలేం. అదే మా ఖర్మ. జోల మొదలైతే నాపరాయి అరుగుల్లోంచి, ఎముకల్లోంచి వస్తుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా, నిలబడి ఉన్నా కళ్ళు మూతలు పడతాయి. కాసేపటికి జోల ఆగుతుంది. ఆ తర్వాతది మామూలు నిద్రే. కానీ మెలకువ వచ్చి వెన్నులో చీమలు పాకించేదాకా ఎవరూ లేవరు. అలవాటైన ఒళ్ళు.

"నా దగ్గర గడియారాలున్నాయి. తొందరగా మోగేలా పెడతాను. లేచి తలుపు తెరుస్తాను" అన్నాను.

ఓబుళమ్మ మొహం మాడిపోయింది. "మెలకువ రాకముందే లేస్తావా?" అంది, నేనేదో దొంగతనానికి బయలుదేరినట్టు.

మా ఊళ్ళో అంతకంటే పెద్ద తిట్టు లేదు మరి. పడుకున్నవాడు తక్కువ గాలి పీలుస్తాడు, లేచి తిరిగేవాడు ఎక్కువ పీలుస్తాడు. మెలకువకు ముందే లేచిన మనిషి అందరి వంతూ తినేసే గాలిదొంగ. ఇది ఉగ్గుపాలతో పోస్తారు. నేనే బడిలో ఎంతమంది పిల్లలకు చెప్పానో.

చివరికి ఒప్పుకుంది. "తలుపు తెరిచేదానికే. ఇంగో అడుగు ఎక్కువ వెయ్యొద్దు" అంది.

ఆశ్వయుజ అమావాస్య

నా గడియారాల్లో బంగారి అంటే నాకు ప్రాణం. నెత్తిన రెండు ఇత్తడి గంటలు, మధ్యలో చిన్న సుత్తి. మద్దిలేటి దాన్ని దయ్యం అంటాడు. నా పెళ్ళప్పటి నుంచీ వంట చేస్తూ సరదాకి మోగించుకుంటాను, అతను ఇంట్లోంచి లేచిపోతాడు.

వెనక రెండు చెవులుంటాయి. ఒకటి తిప్పితే కాలం నడుస్తుంది, ఇంకోటి తిప్పితే గంటకు బలం వస్తుంది. చిన్న ముల్లు ఎక్కడ పెడితే అక్కడ మోగుతుంది. పడుకోబోయే మనిషి లేవబోయే మనిషికి చెప్పి పెట్టే మాట అది. ఒకరు లేపితే లేవడం వేరు, ఫలానా వేళకు లేవాలని తనకు తానే చెప్పుకుని పడుకోవడం వేరు. ఆ రెండోదంటే నాకు మహా ఇష్టం.

ఇవాళ ముల్లు పెడుతూ మద్దిలేటికి పాతకాలం ముచ్చట్లు చెప్పాను. గడియారం లేనివాళ్ళు కొవ్వొత్తికి మేకు గుచ్చి పెట్టేవారట. అక్కడిదాకా కాలగానే మేకు ఊడి కంచంలో పడి ఠంగుమనేది. మిల్లులున్న ఊళ్ళలో పొడుగాటి కర్రతో కిటికీలు తట్టి లేపడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకునేవారట. ఒకాయన తన కోసం చేసుకున్న గడియారం తెల్లవారుజామున నాలుగింటికే మోగేదట, ఇంకో వేళకు మార్చే వీలే లేదట.

"ఆయన పెండ్లాం ఉండిందా పారిపోయిందా?" అన్నాడు మద్దిలేటి.

నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మాట మాటకూ మధ్య అతనికి ఊపిరి అందడం లేదు. బంగారిని నా తలాపున పెట్టుకున్నాను. జోల మొదలవుతోంది.

కార్తీక శుద్ధ పాడ్యమి

మెలకువే లేపింది. గడియారం కాదు.

తలలో సమ్మెటలు. లేస్తూనే బంగారి వెనక చెవి తడిమాను. వదులుగా ఉంది. గంట బలమంతా అయిపోయేదాకా మోగింది. మోగింది! నా చెవికి జానెడు దూరంలో! నేను శవంలా పడి ఉన్నాను.

చక్రం దగ్గర మద్దిలేటి రెండుసార్లు ఆగాడు. పెదాలు నల్లబడ్డాయి.

కార్తీక శుద్ధ చవితి

నిన్న ఇత్తడి తాంబాళంలో పెట్టాను. మొన్న రెండు గడియారాలు కలిపి పెట్టాను. ఇవాళ ఐదూ తాంబాళంలో పేర్చి తల దగ్గర పెట్టుకున్నాను. ఐదింటి గంట చెవులూ వదులుగా ఉన్నాయి, మెలకువ వచ్చాకే లేచాను. జోల యంత్రం రొద మధ్య తరాలుగా పడుకున్నవాళ్ళం. మోత వింటే లేవాలని మా ఒళ్ళు ఎప్పుడో మర్చిపోయింది. ఇంత ప్రేమగా పెంచుకున్నవి ఒక్కటీ అక్కరకు రాలేదు. కోపంతో ఒకదాన్ని గోడకేసి కొడదామనిపించింది.

ఇంతలో కింది వరస ఇళ్ళ నుంచి ఏడుపు వినిపించింది. పీరయ్య తాత లేవలేదు. మెలకువ వచ్చినా లేవలేదు. ఎనభై దాటిన మనిషి, వయసైపోయింది అంటున్నారు. వయసొక్కటే కాదని నాకు తెలుసు. చెడ్డ గాలి కిందికి దిగుతుంది. కింది వరసవాళ్ళకు ముందు తగులుతుంది. తర్వాత ఎవరికి తగులుతుందో కూడా నాకు తెలుసు.

మద్దిలేటి పాడె మోయడానికి లేచాడు. నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. నేను అందరి ముందే అరిచాను, "ఇంటికి పోతావా లేదా!" అని. ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి మారు మాట లేకుండా వచ్చేశాడు. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది.

కార్తీక శుద్ధ పంచమి

ఇవాళ జరిగింది కోపంతో రాస్తున్నానో సంతోషంతో రాస్తున్నానో నాకే తెలియదు.

ఐదు గడియారాలకూ కీ ఇస్తూ కూర్చున్నాను. ఏం లాభం అని ఏడుపొచ్చింది. మద్దిలేటి మంచం మీద నుంచి అన్నాడు.

"ఇయ్యాలన్నా ఒకటి పెట్టే. ఐదూ పెడితే చెవులు చిల్లులు పడుతుండాయి."

నేను కీ తిప్పడం ఆపేశాను. "ఏమన్నావు?"

"ఒకటి పెట్టమంటి."

"చెవులు చిల్లులు పడుతున్నాయా? ఎవరికి?"

"నాకు. ఇంగెవరికి? నువ్వు గుర్రు పెడుతుంటివి."

"నువ్వు లేచావా? మోగినప్పుడు లేచావా?"

"లేవల్యా!" అన్నాడు, నేనేదో తప్పు మోపినట్టు గబగబా. "కదిలితే ఒట్టు. కండ్లు తెరిచినా, అంతే. మెలకువ రాకముందే లేస్తానా నేను? ఊపిరి బిగబట్టుకోని పండుకుంటి. నేనేం గాలిదొంగనా?"

"ఎన్నిసార్లు?"

"పెట్టిన ప్రతిసారీ! ఆ దయ్యం మోగితే సచ్చినోడు కూడా లేస్తాడు."

దేవుడా! నేను ఇన్నాళ్ళూ తలబాదుకుంటుంటే, ఈ మహానుభావుడు పక్కనే కళ్ళు తెరుచుకుని, ఉన్న కాస్త గాలీ పీల్చకుండా మర్యాదగా ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాడు. ఓబుళమ్మ ఒప్పుకుంది కదా అంటే, "నిన్ను లేవమనె. నన్ను లేవమన్యా?" అన్నాడు. ఇలాంటి మనిషి ఇంకే ఊళ్ళోనైనా పుడతాడా?

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు దాని మీద పానం. మోత పడదంటే ముప్పై ఏండ్లుగా కొట్లాటే కదా. మళ్ళీ ఎందుకులే అని."

అప్పుడు నాకు అర్థమైంది. నాకు ఆ గంటంటే ఇష్టం. దాని మోతలో హాయిగా పడుకుంటాను. అతనికి అది గిట్టదు. ఒళ్ళంతా మండుతుంది, అందుకే లేస్తాడు. గిట్టనివాడినే గడియారం లేపుతుంది. ఇన్ని ముచ్చట్లు తెలుసుకున్నదాన్ని, ఈ ఒక్కటీ నాకు తట్టలేదు.

కానీ చక్రానికి ఇద్దరు కావాలి. నేను లేవను. ఈ ఊపిరితో అతనొక్కడే తిప్పాలి.

"వద్దులే" అన్నాను. "ఇంకో దారి చూద్దాం."

"ఏం దారి? పీరయ్య దారా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో అతను నా చెయ్యి పట్టుకున్న సందర్భాలు తక్కువ. "గడ్డపార పెట్టి తిప్పుతా. గనిలో బండలు పెళ్ళగించిన చెయ్యి ఇది. నువ్వు ముల్లు పెట్టు."

పొద్దు గుంకే వేళకు ముల్లు పెట్టాను. బంగారిని ఈసారి అతని తలాపున పెట్టాను. ఇది రాస్తుండగానే అరుగు సన్నగా అదురుతోంది. అతని వైపు తిరిగి పడుకుంటున్నాను. దేవుడా, అతను లేచేలా చెయ్యి. లేచాక పడిపోకుండా చెయ్యి.

కార్తీక శుద్ధ షష్ఠి

మెలకువ రాగానే పక్కకు చెయ్యి చాచాను. పక్క చల్లగా ఉంది. నా మొహం, జాకెట్టు తడిసి ఉన్నాయి. చెంబు దొర్లి ఉంది. నన్ను లేపడానికి నీళ్ళు కూడా గుమ్మరించాడన్నమాట.

మెట్ల మీద ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. సగం దూరంలో గాలి తగిలింది. మంచి గాలి! తలుపు తెరుచుకుంది, మరి తెరిచినవాడేడి? మద్దిలేటీ, మద్దిలేటీ అని పేరు పెట్టి పిలిచాను. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

చక్రం కింద బోర్లా పడి ఉన్నాడు. గడ్డపార చక్రం ఆకుల మధ్య ఇరుక్కుని ఉంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందు వైపు మొహం పెట్టి పడ్డాడు. ఎండకు కాలిన తలుపు ఇనుము తగిలి ఒక చెంప బొబ్బలెక్కింది. నేను తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. పలకలేదు. చెంప మీద కొట్టాను. బొబ్బల చెంప మీదే కొట్టాను, నాకేం కనిపించింది అప్పుడు?

"అబ్బ" అన్నాడు.

నేను గొల్లున ఏడ్చేశాను.

"సూర్యుణ్ణి చూసినా" అన్నాడు కాసేపటికి, నీళ్ళు తాగి. "గుట్ట మీద ఉండె. ఎర్రగా, ఇంత లావుగా. ఇప్పుడు చూడు, చుక్కలు నెత్తి మీదుండాయి. దస్తగిరి చెప్పింది నిజమే. నిన్ను ఎంత తట్టినా లేవకపోతివే. సచ్చిపోయినావనుకుంటి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, దాని తర్వాతనే మెట్లెక్కితి."

ఓబుళమ్మ వచ్చింది, వెనక సగం ఊరు. వచ్చి మద్దిలేటి పక్కన కూర్చుని కణతలు తడుముకుంది.

"నా తల నొయ్యడం లేదు" అంది నెమ్మదిగా. వెనకున్నవాళ్ళూ ఒకరొకరుగా తలలు తడుముకున్నారు. ఎవరికీ నొప్పి లేదు.

కార్తీక పౌర్ణమి

అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. యంత్రం తెలిసినామె ఒకతె ఉందట. దారిలో ఇసుక తుఫాన్లు తగ్గాక, మాఘంలో వస్తుందట. అంతవరకు మద్దిలేటి లేవాలి.

మిగతా నాలుగు గడియారాలూ ఊళ్ళో నలుగురి తలాపునా పెట్టి చూశాం. ఒక్కరూ లేవలేదు. ముప్పై ఏళ్ళు ఆ మోత మీద పగబట్టినవాడు మా ఊళ్ళో ఒక్కడే. చక్రానికి నూనె పెట్టి, పెద్ద పిడి బిగించారు. ఇప్పుడు ఒక్కడు తిప్పగలడు. అతని గోళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఊరంతా పాలు, గుడ్లు తెచ్చిస్తోంది. ఎదురైతే పక్కకు జరిగి దారిస్తున్నారు. గాలిదొంగ అని ఎవరన్నా అంటే ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు. పిండి కూడా గిన్నెలోనే ఉంటోంది.

మార్గశిర శుద్ధ దశమి

ఇవాళ నాకు గుండె ఆగినంత పనైంది.

తలుపు తెరిచి, నేను లేచేసరికి ఇంటికొచ్చి కూర్చున్నాడు. నేను దోసె పోస్తుంటే బంగారిని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో, నా కొంగుతోనే, తుడుస్తున్నాడు.

"ఏమే, దీని మోత అంత చెడ్డదేం కాదే" అన్నాడు. "వినంగ వినంగ బాగానే ఉంది. ఇయ్యాల కొంచెం సేపు వింటా పండుకున్యా. మల్ల నిద్దర పట్టబోయి ఉలిక్కిపడి లేస్తి."

దోసె పెనం మీద మాడిపోయింది. నేను కదల్లేదు. అతనికి అర్థం కాలేదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం, ముప్పై ఏళ్ళ తర్వాత నా గడియారంతో రాజీ పడ్డాడు. సంతోషపడాల్సిన మాట. నాకు మాత్రం ఊరు ఊరంతా, కింది వరస పిల్లలతో సహా, ఆ ఒక్క మాట మీద వేలాడుతున్నట్టు అనిపించింది. రేపు కాకపోతే ఎల్లుండి అతను కూడా నాలాగే ఆ మోతలో హాయిగా పడుకుంటాడు.

గడియారం ఇవ్వమన్నాను. ఇచ్చాడు. అతని పెట్టెలోంచి సుత్తి, ఆకురాయి తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను.

"ఏం జేస్తాండావే?"

ఇత్తడి గంట ఒకటి విప్పి సుత్తితో కొట్టాను. సొట్ట పడింది. ఇంకోసారి కొడితే అంచు నుంచి పైదాకా చీలింది. రెండోదాన్ని ఆకురాయితో రాశాను, అంచంతా రంపంలా అయ్యేదాకా. ఎంత అందమైన గంటలవి! పెళ్ళైన ఏడాది, కడుపు మాడ్చుకుని నెల నెలా మిగిల్చిన ఉల్లిగడ్డలతో కొనుక్కున్నాను. నా కళ్ళ నీళ్ళు ఇత్తడి పొడి మీద పడుతున్నాయి. రాస్తూనే ఉన్నాను.

"పిచ్చి పట్టెనా నీకు? నీ పానం కదే అది!"

బిగించాను. కీ ఇచ్చాను. మోగించాను.

అది గంట మోత కాదు. రేకు మీద మేకుతో గీస్తే, పక్కన ఎవరో పళ్ళు నూరితే ఎలా ఉంటుందో అలా ఉంది. నా వెన్ను జలదరించింది. మద్దిలేటి రెండు చెవులూ మూసుకుని ఎగిరి లేచాడు.

"థూ! ఆపే! ఏందే ఆ పాడు మోత! నీ చేతులిరగ! దీన్ని కనిపెట్టినోని నోట్లో మన్ను పొయ్య! బాయిలో పారేస్తా దీన్ని, నిన్ను కూడా దాంతోనే!"

ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా తిట్టు" అన్నాను.

తిట్టాడు. ఊపిరి అందినంతసేపూ తిట్టాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని, చిన్న ముల్లును రేపటి పొద్దు గుంకే వేళకు పెట్టాను.